చిమీ కడుపునొప్పి

ఎనిమిదో తరగతిలో నలభైమందితో కిటకిటలాడే బడి, పదో తరగతికొచ్చేసరికి పదకొండుమందికి ఎందుకు చిక్కిపోతోంది? చిమీకి పట్టుకున్న బెంగ ఇదీ.

మూడు దేశాల సరిహద్దులు కలిసేచోట, కొండ మీద ఉంది ఒక బౌద్ధ మఠం. కొండ దిగువన మఠం వాళ్లదే ఒక బడి. మూడు దేశాల పిల్లలూ వాగులు దాటి అక్కడికే వస్తారు. పొద్దున బడిలో లెక్కలు చెప్పడం, మధ్యాహ్నం మఠంలో ఉగ్యెన్ గురువుగారి దగ్గర పాఠం చదవడం, ఇదీ కుర్ర భిక్షువు చిమీ దినచర్య. తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

బెంగపడి ఊరుకునే రకం కాదు కనక, గురువుగారి అనుమతి తీసుకుని నలభై రోజులు మూడు దేశాల ఊళ్లూ తిరిగాడు. బడి మానేసిన ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి "ఎందుకు మానేశావు?" అని అడిగాడు. తిరిగొచ్చి, ఆదివారం పొద్దున ఓ పెద్ద చార్టు గురువుగారి ముందు పరిచాడు. దేశానికో రంగు, కారణానికో గడి. యాలకుల కోత, చంటిపిల్లల్ని చూసుకోవడం, పట్నంలో పని, పెళ్లి, ఇష్టం లేకపోవడం.

"చూశారా గురువుగారూ! మూడు దేశాల్లోనూ ఈ చివరి గడే నిండిపోయింది. బద్ధకానికి సరిహద్దుల్లేవు!"

ఈ మాట దారిలోనే తయారుచేసి పెట్టుకున్నాడు లెండి.

గురువుగారు చివరి గడిలో ఒక పేరు మీద వేలు పెట్టారు. "పబిత్రా. లెక్కల్లో నిన్నే తికమక పెడుతుందని చెప్పేవాడివి, ఆ అమ్మాయేనా?"

"ఆ అమ్మాయే. యాలకుల కోతకని మూడు వారాలు రాలేదు. తర్వాత ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడింది. మన పద్ధతి ప్రకారం, తప్పిన పాఠాలన్నీ అప్పజెప్పి కూర్చోమన్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నిన్న వాళ్లింటికెళ్లి అడిగితే చదువంటే ఇష్టం లేదంది. శుక్రవారం మేనమామతో పట్నం పంపేస్తున్నారు, ఎవరింట్లోనో పనికి." చిమీ గొంతు కాస్త తగ్గింది. "నాకూ బాధగానే ఉంది. ఇష్టం లేనివాళ్లని ఏం చెయ్యగలం?"

పాఠం తప్పినవాడు గడప దగ్గర నిలబడి, తప్పినదంతా అప్పజెప్పాకే లోపల కూర్చోవాలి. మఠంలో భిక్షువులకి పాతకాలం నుంచీ ఉన్న ఆచారం అది. దాన్ని కిందటేడు బడిలోకి దింపిన ఘనుడు మన చిమీయే.

"అలాగా," అన్నారు గురువుగారు.

మధ్యాహ్నం చిమీ పాఠానికి వెళ్లాడు. ఎప్పటిలా ముందు వరసలో తన చాప వైపు నడవబోయాడు.

"గడప దగ్గరే ఆగు నాయనా." గురువుగారు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నలభై రోజుల పాఠం ఉంది. అప్పజెప్పి కూర్చో."

ఊళ్లు తిరిగినవాడికి పాఠం ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి శ్లోకం ఎలాగో లాగాడు. రెండోదానికి ఇంకోదాని తోక తగిలించాడు. నిన్నమొన్నటిదాకా అతని చేత తప్పులు దిద్దించుకున్న చిన్న భిక్షువులు మోకాళ్లలో తలలు దాచుకుని నవ్వారు. "చిమీ అన్నయ్యా, అది నిరుడే అయిపోయింది," అని ఒకడు సాయం కూడా చేశాడు.

సోమవారం చిమీకి కడుపునొప్పి వచ్చింది. మంగళవారం ఆ నొప్పి తలకెక్కింది. బుధవారం చార్టుకి అంచులు గీసే పని పడింది. అంచులు అంతకుముందే గీసి ఉన్నాయి, అది వేరే సంగతి.

గురువారం పొద్దున గురువుగారే అతని గదికి వచ్చారు. గోడ మీది చార్టు దింపి నేల మీద పరిచారు. దాని ముందు చతికిలబడి, పెన్సిల్ తీశారు.

"నిన్ను ఏ గడిలో రాయను నాయనా?"

"నన్నా? నేనేం మానెయ్యలేదు గురువుగారూ. కడుపునొప్పి..."

"కడుపునొప్పికి గడి లేదు. ఇష్టం లేదని రాసెయ్యనా?"

"అయ్యో, వద్దు! ఇష్టం లేకేం? రోజూ కిటికీ పక్కన నిలబడి మీ పాఠం వింటూనే ఉన్నాను."

"మరి లోపలికి రావడానికేం?"

"సిగ్గేసింది," అన్నాడు చిమీ.

గురువుగారు కళ్లజోడు సవరించుకుని, చార్టు మీదికి వంగి, ఒక్కో గడే వెతికారు. ఒక దేశం అయింది. రెండో దేశం అయింది. మూడోదీ అయింది.

"ఎక్కడా లేదే!" అన్నారు. పెన్సిల్ అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

చిమీ పెన్సిల్ ముట్టుకోలేదు. చెప్పులేసుకుని వాగు దాటాడు.

పబిత్రా యాలకులు ఆరబెట్టే పొయ్యి దగ్గర పొగలో కళ్లు నులుముకుంటోంది. సార్‌ని చూసి లేచి నిలబడింది.

"రేపు బడికి రా," అన్నాడు చిమీ.

"పాఠాలన్నీ అప్పజెప్పాలి కదా సార్. నాకు రావు."

"అక్కర్లేదు."

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో అందరి ముందూ చెప్పాలా?"

"అక్కర్లేదు."

"మరేం అడుగుతారు?"

"ఏమీ అడగను."

వాళ్లమ్మ చేటతో బయటికొచ్చింది. "మొన్న ప్రశ్నలతో నా తల తినేసిన సార్ ఈయనేనా?" అంది కూతురితో. తర్వాత చిమీ వైపు తిరిగింది. "కూర్చోనిస్తే చదువుకుంటుంది సార్. రేపు బడికొస్తే పట్నం పంపను, రాకపోతే మాత్రం మధ్యాహ్నం వాళ్ల మామతో బస్సెక్కించేస్తా."

శుక్రవారం. హాజరు అయిపోయింది. మొదటి పాఠం సగమైంది. చిమీ బోర్డు మీద లెక్క రాస్తున్నాడు. వెనక క్లాసు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. గుమ్మం దగ్గర ఎవరో వచ్చి ఆగారు.

అతను తిరగలేదు. రాసిన అంకెని తుడిచాడు. మళ్లీ అదే అంకె వేశాడు. దాన్నీ తుడిచాడు.

గుసగుసగా ఎవరో "జరగవే" అన్నారు. బెంచీ కిర్రుమంది.

అప్పుడు తిరిగాడు చిమీ.