చిరగని పూతరేకు

అమలాపురంలో, ఏ పనిలోనూ వెంట్రుకవాసి వంక కూడా ఉండకూడదని తన ప్రాణమూ పక్కవాళ్ల ప్రాణమూ తోడేసే సోమసుందరం అనే మనిషి ఉండేవాడు. చొక్కా గుండీకి కుట్టిన దారం రంగు కలవలేదని పెళ్లిచూపులకే ఆలస్యంగా వెళ్లాడు. పిల్ల సొంత మేనత్త కూతురు కాబట్టి సరిపోయింది.

ఆ పిల్ల పేరు సత్యవేణి. ఆసుపత్రిలో నర్సు. కొన్నాళ్లుగా ఆమెకు రాత్రి డ్యూటీలు. పొద్దున్న ఆమె ఇంటికొచ్చే వేళకు అతను ఆఫీసుకు బయల్దేరేవాడు. సాయంత్రం అతను వచ్చేసరికి ఆమె వెళ్లిపోయేది. వీధి గుమ్మంలో ఎదురుపడి నవ్వుకోవడమే వాళ్ల కాపురం.

పెళ్లిరోజు వచ్చింది. తోటి నర్సును బతిమాలి, ఆ సాయంత్రం తను డ్యూటీకి కాస్త ఆలస్యంగా వెళ్లేట్టు ఒప్పించుకుంది వేణి. ఈ రోజుల్లో జంటలు అలాంటప్పుడు మసక దీపాల హోటళ్లకు వెళుతుంటారు. అక్కడ కంచంలో ఏముందో సరే, ఎదుటి మనిషి మొహమే కనబడదు. సోమసుందరం సెలవు పెట్టి తనే వంటకు దిగాడు. కొబ్బరి అన్నం, పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు అన్నీ కుదిరాయి. చివర్లో పెరటి పొయ్యి దగ్గర పూతరేకులు మొదలుపెట్టాడు.

పూతరేకులంటే మాటలు కాదు. నున్నటి కుండను పొయ్యి మీద బోర్లించి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగాలి. కాగితం లాంటి పొర లేస్తుంది. చేయి తిరిగిన ఆడవాళ్లు ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకుంటూనే దొంతరలు దొంతరలు తీసేస్తారు. సోమసుందరం తీసిన ప్రతి రేకూ చిరిగింది.

వేణి కనకాంబరాలు పెట్టుకుని కంచాల ముందు కూర్చుంది. ఆకలేస్తోంది రమ్మని పెరట్లోకి పిలిచింది. ఒక్క రేకు సరిగ్గా వస్తే వచ్చేస్తానన్నాడు. మళ్లీ పిలిచింది. పొగలోంచి మళ్లీ అదే జవాబు. లోపల రొయ్యలు చల్లారి బిగుసుకుపోయాయి.

చివరికి ఒక రేకు నిండుగా లేచింది. నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడిచి, పళ్లెంలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. వేణి డ్యూటీ బట్టల్లో చెప్పులు తొడుక్కుంటోంది. వీధిలో ఆటో వచ్చి ఆగింది.

"చూడు వేణీ, ఒక్క చిరుగు లేదు" అన్నాడు.

ఆమె దాన్ని తుంచి సగం అతని నోట్లో పెట్టింది. మిగతా సగం తను తింది. అతని బుగ్గ మీది మసి చేత్తో తుడిచింది.

"బావుంది బావా. కానీ తిండికైతే ఆసుపత్రిలో క్యాంటీనుంది. నేను ఉండిపోయింది నీ పక్కన కూర్చుందామని" అంది.

కోపంగా అనలేదు. అందుకే అతనికి బాగా తగిలింది. ఆటో వెళ్లాక రెండు కంచాల ముందు ఒక్కడే కూర్చున్నాడు.

మళ్లీ అలాంటి సాయంత్రం దొరకడానికి చాలా రోజులు పట్టింది. ఈసారి టమాటా పప్పు, అప్పడాలు చేశాడు. వేణి ఒక అప్పడం ఎత్తి చూపించి, "ఇది బాగా కాలింది బావా, మా వార్డులో చేర్పించమంటావా?" అని ఏడిపించింది. ఇంకోటి వేయించడానికి అతను లేవలేదు. పీట ఆమె పక్కకు జరుపుకున్నాడు. ఎంగిలి చేతులు ఎండిపోయేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు.

మనవాళ్ల కోసం చేసే పనిలో పడి మనవాళ్లనే మరిచిపోకూడదు.