పసుపు బంతి

షూటింగులో పన్నెండో టేకు కూడా పాడైంది. "రేపు కూడా పైకి చూశావంటే నీ బదులు వేరే అమ్మాయిని పెట్టుకుంటాను" అన్నాడు దర్శకుడు, అందరి ముందూ.

పద్నాలుగేళ్ళ మేఖల సరాసరి రమామణమ్మ ఇంటికి వచ్చింది. నలభై ఏళ్ళు నాటకాలు వేసిన మనిషి ఆవిడ. మేఖలకు నటన నేర్పిందీ ఆవిడే.

"గురువుగారూ, నా కళ్ళు నా మాట వినడం లేదు. చూడకుండా ఉండడం ఎలాగో నేర్పండి."

"దేన్ని చూడకుండా?"

"స్పేస్ షిప్పుని."

తప్పు తనదేనని నమ్మడానికి ఆడపిల్లకు ఏ రిహార్సలూ అక్కర్లేదు. సినిమా కథలో, డాబా మీద పాత యాంటెన్నాలతో యంత్రం తయారుచేసింది అమ్మాయి. నక్షత్రాలకు కబురు పంపింది అమ్మాయి. తీరా షిప్పు దిగేసరికి ఆకాశం పక్కింటి అబ్బాయిదైపోయింది! షిప్పును తర్వాత కంప్యూటర్లో అతికిస్తారట. ప్రస్తుతానికి అక్కడున్నది కర్ర చివర ఒక పసుపు బంతి. అబ్బాయి బంతిని చూడాలి. అమ్మాయి అబ్బాయిని చూడాలి. "ఆశ్చర్యం వాడి కళ్ళలో కనబడాలమ్మా, నీ కళ్ళలో వాడు కనబడాలి" అని దర్శకుడి కవిత్వం. పైగా అబ్బాయిది సహజ నటనట. ఆకాశం చూడమంటే ఎవరు సహజంగా చూడరు?

రమామణమ్మ వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి మేఖల చేతిలో పెట్టింది.

"నేను నిన్నే చూస్తుంటాను. నీకిష్టం వచ్చినప్పుడు కింద పడెయ్."

పళ్ళెం ఖంగుమంది. గచ్చు మీద గిర్రున తిరిగి, గోడకు కొట్టుకుని పడింది. పడేసిన మేఖలే ఉలిక్కిపడింది. రమామణమ్మ రెప్ప కూడా కదల్లేదు. అదే మెత్తటి నవ్వుతో మేఖల మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"ఇక చాలండీ" అంది మేఖల.

"ఎలా ఉంది?"

"భయమేసింది. మీ మొహంలో మీరు లేరు."

రమామణమ్మ నవ్వు తీసేసి, వంగి పళ్ళెం అందుకుంది.

"ఇది పట్టుబడడానికి నాకు పదేళ్ళు పట్టిందే. చప్పట్లు బాగానే కొట్టారు. నేర్పమంటావా?"

మేఖల ఆవిడ చేతిలోంచి పళ్ళెం తీసుకుని వంటింట్లో పెట్టేసి వచ్చింది.

మర్నాడు పదమూడో టేకు. బంతి మెల్లగా కిందికి దిగుతోంది. మేఖల తల పైకెత్తింది.

"కట్! ఎటు చూస్తున్నావ్?" మైకులో అరిచాడు దర్శకుడు.

"షిప్పు వైపు సార్" అంది మేఖల, తల దించకుండానే. "పిలిచింది నేను కదా."