ఓపిక ఉండగానే ఆగిన గిజిగాడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు. దాని కొమ్మల నిండా గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి.

వాటిలో జొన్నడు అనే గిజిగాడికి ఎండాకాలంలో పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది. నీరసం మాత్రం పోలేదు. ఎంత నిద్రపోయినా తీరలేదు. వానలు దగ్గరపడుతున్నాయి. ముసురు పట్టేలోగా గూడు కట్టకపోతే ఆడపిట్ట రాదు. ఆ ఏడాది పిల్లలూ ఉండరు.

పక్క కొమ్మ మీద గరికయ్య అనే పెద్ద గిజిగాడు ఉండేవాడు.

"ఏరా అల్లుడూ, కూర్చుంటే రెక్కలు బిగుసుకుపోతాయి. పని చెయ్యి, బలం అదే వస్తుంది!" అన్నాడు.

ఆ చెట్టు మీద ఒక పద్ధతి ఉంది. పచ్చిగడ్డిని పీచులుగా చీల్చి కుప్ప తెచ్చుకుంటారు. ఎండితే పీచు విరుగుతుంది కాబట్టి కుప్ప అయిపోయేదాకా ఆగరు.

జొన్నడూ అలాగే అల్లాడు. సాయంత్రానికి బాగానే ఉన్నాడు. మర్నాడు లేవలేకపోయాడు. రెక్కలు బరువెక్కాయి. వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. పక్క పిట్ట కూత కూడా భరించలేకపోయాడు.

"నిన్న బాగానే ఎగిరావుగా! ఇవాళ నాటకాలా?" అన్నాడు గరికయ్య.

కాస్త తేరుకోగానే జొన్నడు రోషంతో ఇంకా పెద్ద కుప్ప తెచ్చాడు. ఈసారి ఇంకా ఎక్కువ రోజులు పడిపోయాడు.

మళ్లీ ఒక ఉదయం ఒళ్లు తేలిగ్గా అనిపించింది. వెళ్లి కుప్ప తెచ్చుకున్నాడు.

"ఇవాళ హుషారుగా ఉన్నావు. ఇవాళే పూర్తి చేసెయ్!" అని గరికయ్య తొందరపెట్టాడు.

జొన్నడు ఆలోచించాడు. రెండుసార్లూ పడిపోయింది ఇలాంటి మంచి రోజు మర్నాడే. తెచ్చిన కుప్పలో కాసిని పీచులు ఉంచుకుని, మిగతాది వాగులో వదిలేశాడు.

"పిచ్చి పట్టిందా?"

"శ్రమ నీకు బలం మామా. నాకు అదే మర్నాటికి జబ్బు. అలసట తెలిశాక ఆగితే ఆలస్యమైపోతోంది. తెలియకముందే ఆగుతాను."

చెట్టంతా నవ్వింది. జొన్నడు ఆ కాసిని పీచులూ అల్లి కళ్లు మూసుకున్నాడు. మర్నాడు లేచాడు. మళ్లీ కాసిని అల్లాడు. ఒళ్లు బాగాలేని రోజు ఒక్కటీ ముట్టలేదు.

మబ్బులు కమ్మేసరికి అతని గూడు సగమే అయింది. వరాలు అనే ఆడపిట్ట వచ్చి ముక్కుతో గట్టిగా లాగి చూసింది. అల్లిక కదలలేదు.

"గట్టిగానే ఉంది. మిగతా సగం ఎప్పుడు?" అంది.

"నా ఒంట్లో బాగాలేదు. ముసురుకు ముందు అవుతుందని మాటివ్వలేను. రేపు మాత్రం పడి ఉండను, అల్లుతాను."

"మిగతా గూళ్లవాళ్లు పెద్ద మాటలే చెప్పారు. నువ్వు ఉన్నమాట చెప్పావు," అని వరాలు ఆ సగం గూట్లోనే కూర్చుంది. "నువ్వు అల్లు. నేను లోపల పరుస్తాను."

ముసురు పట్టింది. అప్పటికి పైకప్పు పూర్తయింది. లోపలికి దూరే గొట్టం మాత్రం పొట్టిగానే మిగిలింది. అయినా గూట్లోకి నీళ్లు రాలేదు. గుడ్లు పిల్లలయ్యాయి.

"అయితే జబ్బు నయమైందన్నమాట!" అన్నాడు గరికయ్య.

"లేదు మామా, అలాగే ఉంది," అని జొన్నడు పిల్లలకు ఒక పురుగు పెట్టాడు. ఇంకోదాని కోసం ఎగరగలడు. అయినా ఎగరలేదు. రెక్కలు ముడుచుకున్నాడు. ఆ పురుగు కోసం వరాలు వెళ్లింది.



నీతి: జబ్బుపడ్డ ఒళ్లు ఎంత శ్రమకు ఓర్చుకుంటుందో ఆ ఒళ్లే చెప్పాలి, ఓపిక మిగిలి ఉండగానే ఆగడం సోమరితనం కాదు, పట్టుదల.