ఒక్క పిలుపు దయ్యం

అనగనగా అనగనగా, కాలవ గట్టునానుకుని ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఓ పిల్ల. అయిదో తరగతి. అచ్చం నీలాగే ఒక జడ ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. కానీ నీలా బడనగానే కడుపునొప్పి వచ్చేది కాదు దానికి. బడంటే ప్రాణం.

ఆ ఊరివాళ్ళకి ఒక నమ్మకం ఉండేది. దయ్యం ఎవరినైనా ఒక్కసారే పిలుస్తుందట. మనిషైతే మళ్ళీ మళ్ళీ పిలుస్తాడట. అందుకని మూడోసారి పిలిస్తే గానీ అక్కడ ఎవరూ పలికేవారు కాదు. ఒక్క పిలుపుకే పలికారో, ప్రాణం పోయినట్టే.

బడికి వెళ్ళే దారిలో బెల్లం వండే పాక ఒకటుంది. చెరుకు అయిపోయి, పొయ్యి చల్లారి, పాక ఖాళీగా పడుంది. అవి ఒంటిపూట బడి రోజులు. ఒక మిట్టమధ్యాహ్నం పిల్లలు ఇంటికొస్తుంటే ఆ పాకలోంచి 'అమ్మా' అని పిలుపు వినబడింది. ఒక్కసారే. రెండోసారి లేదు. అంతే, పుస్తకాల సంచులు అక్కడే పడేసి పిల్లలు ఒకటే పరుగు.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆ దారి తొక్కలేదు. పరీక్షలు చూస్తే పది రోజుల్లో ఉన్నాయి. నూకరత్నం వాళ్ళమ్మ అప్పలకొండ, పరీక్ష పోతే పోయింది, పిల్ల దక్కితే చాలు, ఇక బడి మానిపించేస్తానంది. నూకరత్నం అన్నం ముట్టలేదు. బాగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అప్పుడు ఆలోచించింది. బడి పోతున్నది దయ్యం వల్లే కదా, ఆ దయ్యాన్నే పట్టేస్తే?

అప్పుడు ఒక సంఘం పెట్టింది. దయ్యాలు పట్టే సంఘం. ఊరంతా తిరిగితే ఇద్దరు కలిశారు. ఒకరు ఇడ్లీలమ్మే బంగారమ్మ. ఆవిడ నోటికి దయ్యాలేం ఖర్మ, ప్రెసిడెంటుగారే జడిసేవాడు. రెండో ఆయన సింహాద్రి తాత. వాళ్ళ తాత దయ్యం జుట్టు కోసి దాచి, దాని చేత ఏడాదిపాటు నీళ్ళు మోయించాడని రోజూ చెప్పేవాడు. డ్వాక్రా సంఘానికి ఉన్నట్టే వీళ్ళకీ ఓ పుస్తకం, అందులో ముగ్గురి సంతకాలు. దోసెడు ఉప్పు, ఓ పాత చెప్పు, ఓ వేపరొట్ట, ఇవీ ఆయుధాలు.

మొదటిరోజు ముగ్గురూ వెళ్ళారు. పాక ఇంకా కొంచెం దూరముందనగా 'అమ్మా' అని వినబడింది. బంగారమ్మ చేతిలో చెప్పు విసిరేసి, కాళ్ళవి కూడా వదిలేసి, ఇంటికొచ్చి పడింది.

రెండోరోజు మళ్ళీ అదే పిలుపు. ఈసారి సింహాద్రి తాత వంతు. దయ్యం జుట్టు కోయడానికి తెచ్చిన కత్తెర పారేసి, పంచె ఎగ్గట్టి, ఎనభై ఏళ్ళ మనిషి కాలవ దూకేశాడు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదంటారు. ఈయన కాలు మాత్రం కాలవ దాటింది.

మూడోరోజు వాళ్ళిద్దరూ గట్టు మీదే ఆగిపోయారు. నూకరత్నం ఒక్కతే పాక దాకా వెళ్ళింది. 'అమ్మా' అని పిలుపు వచ్చింది. ఈసారి ఆ పిలిచే గొంతు వణికింది. కాల్లో ముల్లు దిగితే తనూ అలాగే అంటుంది. దయ్యమంటే చచ్చిపోయినవాళ్ళు కదా, చచ్చినవాళ్ళకి నొప్పేమిటి అనుకుంది. రెండో పిలుపు కోసం చూసింది. రాలేదు. నూకరత్నానికి చచ్చేంత భయమేసింది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుని పలికేసింది.

"ఓ! ఇక్కడే ఉన్నాను."

ప్రాణం ఎక్కడికీ పోలేదు.

పాకలో గడ్డి మీద ఒక నిండుచూలాలు పడుకుని ఉంది. పేరు రమణమ్మ. నెల్లూరు వైపు నుంచి బాతులు మేపుకుంటూ వచ్చారట. మొగుడు తెల్లారకుండా బాతుల్ని తోలుకుని దూరపు చేలకి పోతే, మళ్ళీ రావడం పొద్దుపోయాకే. కాన్పులు చూసే నర్సమ్మ ఇల్లెక్కడో అడుగుదామని దారినపోయేవాళ్ళని పిలిచేదట. ఇవాళ నొప్పులే మొదలయ్యాయి.

మరి రెండోసారి ఎందుకు పిలవలేదని నూకరత్నం అడిగింది.

"ఒకసారి పిలిస్తేనే పరిగెత్తిరి తల్లీ. మళ్ళీ పిలవాలంటే సిగ్గయింది" అంది రమణమ్మ.

నూకరత్నం బయటికొచ్చి 'పిన్నీ' అని కేకేసింది. గట్టు మీద బంగారమ్మ అలవాటు కొద్దీ నోరు మూసుకుని కూర్చుంది. మళ్ళీ కేకేసింది. మూడోసారి కేకేస్తే అప్పుడు పలికింది. ఆ మూడు కేకల సేపు ఎంత పొడుగో నూకరత్నానికి ఆవేళే తెలిసింది.

ఆ తర్వాత బంగారమ్మ పరుగున వచ్చి రమణమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆడకూతురు పిలుస్తుంటే చెప్పు విసిరానా అని ఏడ్చింది. కాలవ దూకిన కాళ్ళతోనే సింహాద్రి తాత వెళ్ళి నర్సమ్మని తీసుకొచ్చాడు. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం.

మర్నాడు పిల్లలంతా ఆ దారినే బడికి వెళ్ళారు. నూకరత్నం పరీక్ష రాసింది. సంఘం మాత్రం ఎత్తెయ్యలేదు. పుస్తకంలో 'దయ్యాలు పట్టాలి' అన్నది కొట్టేసి, 'ఒక్క పిలుపుకే పలకాలి' అని రాసుకున్నారు.

అవునే, పొద్దున మంచినీళ్ళు తెమ్మని నిన్ను ఎన్నిసార్లు పిలిచాను? మూడా? సరే, రేపు చూస్తాగా.

పిలిచిన నోటికి పలుకు,
అలిసిన కంటికి కునుకు,
కథ నడిచింది కంచికి,
మనం చేరాం ఇంటికి.