తిరిగి దిగని నీళ్లు

దానయ్య మేస్టారు అడిగినదానికి నోటితో జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. విశాఖ చేపల రేవులో నీళ్లలోకి దిగే విద్య ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ సాయంత్రం శిష్యురాలు నూకరత్నం అడిగింది. "మేస్టారూ, పాతబడిన గాలి సిలిండరు ఇంక పనికిరాదని ఎలా తెలుస్తాదండీ?"

ఆమె అడగాలనుకున్నది అది కాదు. రేవు సముద్రంలో కలిసే మొగలో ఒక బోటు మునిగింది. దాన్ని నడిపిన సరంగు దేహం ఇంకా లోపలే ఉంది, ఇంటివాళ్లు ఒడ్డున కూర్చుని ఉన్నారు. మర్నాడు పొద్దున్నే తానే దిగి తెస్తానని మేస్టారు వాళ్లకు మాటిచ్చారు. ఆయన దిగినప్పుడల్లా నడుముకు కట్టిన తాడు పైన పట్టుకునేది నూకరత్నమే. ఈమధ్య పైకొచ్చాక ఆయన ఊపిరి ఎంతకీ కుదుటపడకపోవడం ఆమె ఒక్కతే చూసింది. ఈసారి దిగితే పైకి రారేమోనని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ నీళ్లలో ఊపిరి తీయడం నేర్పిన మనిషితో, మీకు ఊపిరి చాలడం లేదని ఏ నోటితో అంటుంది? అందుకే సిలిండరు మీద పెట్టి అడిగింది.

"నాది తీసుకురా," అన్నారు మేస్టారు.

ఆ ఉక్కు సిలిండరు వయసులో నూకరత్నం కంటే పెద్దది. ఏటా ఆయుధపూజకు పసుపూ కుంకుమా పెట్టే ముందు దానికి కొత్త రంగు వేసేది ఆమే. ఎంత భక్తిగా వేసిందంటే, ఎప్పుడు పరీక్ష చేశారో తెలిపేలా దాని మెడ మీద కొట్టిన అంకెలు కూడా రంగులో పూడుకుపోయాయి. చూసినవాళ్లు కొత్తదే అనుకునేవారు, ఆమె కూడా అందుకు మురిసిపోయేది.

ఇద్దరూ దాన్ని లోవరాజు షెడ్డుకు మోసుకెళ్లారు. సిలిండర్లు పరీక్ష చేసేది అతనే. రంగు గీకితే కింద తుప్పు పొక్కులు కనిపించాయి. లోపలికి లైటు దింపితే తుప్పు పలచగానే ఉంది. బాగుందంటే మేస్టారు దానితోనే దిగుతారు, లేదంటే ఇంకోదానితో దిగుతారు. ఏది కోరుకోవాలో నూకరత్నానికి తోచలేదు.

లోవరాజు సిలిండరును నీళ్లతో నింపి, నీళ్ల తొట్టిలో దించి మూశాడు. అది రోజూ మోసే ఒత్తిడి కంటే ఎక్కువ పెట్టాడు. ఒత్తిడికి ఉక్కు ఉబ్బుతుంది, ఉబ్బినంత మేరా తొట్టిలోని నీళ్లు పక్కనున్న గాజు గొట్టంలోకి ఎక్కుతాయి. ఒత్తిడి తీసేస్తే ఉక్కు మళ్లీ ముడుచుకోవాలి, ఎక్కిన నీళ్లు దిగిపోవాలి. నీళ్లు ఎక్కాయి. లోవరాజు ఒత్తిడి వదిలాడు. నీళ్లు సగం దాకా దిగి ఆగిపోయాయి.

లోవరాజు గొట్టాన్ని వేలితో తట్టాడు. నీళ్లు కదల్లేదు. "మీ చేతి సిలిండరును కాదనడానికి నానెంతటోణ్ణి మేస్టారూ? ఇంకో ఏడాది లాగించీయొచ్చులెండి," అన్నాడు ఆయన ముఖం చూడకుండా.

మేస్టారు నూకరత్నం వైపు తిరిగారు. "అడిగింది నువ్వు. నువ్వే సెప్పు."

లోవరాజు తలుపు దగ్గరికెళ్లి బయటికి చూస్తున్నాడు. మేస్టారు మాత్రం ఆమె మీద నుంచి చూపు తీయలేదు.

"ఉబ్బింది మేస్టారూ, మళ్లీ ఎనక్కి రాలేదు," అంది చివరికి. "ఇంక నీళ్లలోకి దిగకూడదండీ." అంటూనే ఏడ్చేసింది.

మేస్టారు నొచ్చుకోలేదు. ఇంకెవరూ అందులో గాలి నింపకుండా బెజ్జం వేసెయ్యమని లోవరాజుతో చెప్పారు. డ్రిల్లు ఉక్కులోకి దిగుతున్నంతసేపూ దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత గట్టు మెట్లు ఎక్కి, పైన ఆగి, ఊపిరి కోసం చాలాసేపు తంటాలు పడ్డారు. రోజూ ఆమె నుంచి తిప్పుకునే ముఖం ఈసారి తిప్పుకోలేదు.

ఊపిరి కుదుటపడ్డాక, "రేపు నువ్వు దిగు," అన్నారు. "తాడు నాను పట్టుకుంటాను."