ఎండుపుల్ల పెట్టిన ఉడుము

చింతలగుట్ట అడవికి సింహం రాజు, నక్క మంత్రి. ఇందులో వింతేమీ లేదు, ఏ అడవిలోనైనా అంతే. వింతంతా సింహం గుహ ముందున్న నల్లబండ మీద ఉండేది. ఎవరు ఏ పనిమీద వెళ్లినా తిరిగొచ్చి ఆ బండమీద ఒక గుర్తు పెట్టాలి. పని అయితే పచ్చటి మోదుగాకు. కాకపోతే ఎండుపుల్ల పెట్టి, ఎందుకు కాలేదో నోటితో చెప్పాలి. సింహం అది చూసుకునే తరువాతి పని పురమాయించేది. తాతలనాటి ఆచారం, బాగానే నడిచింది.

నక్క మంత్రి అయ్యాక దానికి బుద్ధి ఎక్కువైంది. "ఎండుపుల్ల కనబడితే రాజుగారికి తిన్నది ఒంటబట్టడం లేదు" అంటూ కొత్త పద్ధతి పెట్టింది. పనికి వెళ్లేవాళ్లకి బయలుదేరేటప్పుడే మోదుగాకు చేతికిచ్చేసేది. "తిరిగొచ్చి పెట్టెయ్. పుల్లలేరుకునే శ్రమ నీకెందుకు?" అనేది.

నెల తిరిగేసరికి బండ పచ్చగా కళకళలాడింది. సింహం దానివైపు చూడడమే మానేసింది. ఎప్పుడు చూసినా ఆకులే అయితే ఇక చూడడం దేనికి? ఎలుగుబంటి "తేనె ఉంది" అన్న ఆకును నమ్మి గుట్టంతా ఎక్కి, ఖాళీ పట్టు నాకి వచ్చింది. అడవిపంది "దారి బాగుంది" అన్న ఆకును నమ్మి ఊబిలో దిగబడి, ఒక పూటంతా అరిచింది. వచ్చి నిలదీస్తే నక్క తొణకలేదు, బెణకలేదు. "మరి ఆకు ఉందిగా!" అంది.

ఈ పద్ధతి గంటాలమ్మ అనే ఉడుముకు మాత్రం మింగుడుపడలేదు. గంటాలమ్మది పెద్ద నోరు, అంతకంటే పెద్ద పట్టు.

ఆరుద్ర కార్తె వచ్చింది. వాగుకు అడ్డంగా ఉన్న మట్టికట్టను చూసి, ఎక్కడైనా బొక్కలుంటే పూడ్చి రమ్మని సింహం గంటాలమ్మకు చెప్పింది. నక్క యథాప్రకారం ఆకు అందించింది.

"ఇప్పుడే ఎందుకు? నేనింకా కట్ట మొహమైనా చూడలేదు" అంది గంటాలమ్మ.

"ఎలాగూ చూస్తావుగా."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అని గొణుక్కుంటూ వెళ్లింది.

కట్ట పైనుంచి బాగానే ఉంది. కిందికి దిగి చూస్తే, ఎండ్రకాయలు తవ్విన బొక్కలన్నీ లోపల ఒకటైపోయి పెద్ద బుంగ పడింది. గంటాలమ్మ తల దూరేంత బుంగ. ఊరుతున్న నీళ్లు తేటగా లేవు, ఎర్రటి బురదతో వస్తున్నాయి. అంటే కట్ట లోపల్లోపలే కరిగిపోతోంది. గంటాలమ్మ బంకమట్టి తెచ్చి కుక్కింది. నీళ్లు తోసేశాయి. మళ్లీ కుక్కింది. మళ్లీ తోసేశాయి. మూడోసారికి దాని గోళ్లు విరిగాయి. ఇది ఉడుము వల్ల అయ్యే పని కాదు, దున్నలు రాళ్లు దొర్లించాల్సిందే.

కట్టకు దిగువన ఇరవై అడుగుల దూరంలో ఒక చెదపుట్ట ఉంది. అందులో గంటాలమ్మ పెట్టిన పదకొండు గుడ్లున్నాయి. కట్ట తెగితే ముందు పోయేది అవే. గుట్టమీద మబ్బు కమ్ముతోంది. గంటాలమ్మ ఒక ఎండుపుల్ల నోట కరుచుకుని పరుగు తీసింది.

"ఇదేంటి గంటాలూ, నేనిచ్చిన ఆకేదీ?" అంది నక్క.

"నమిలి ఉమ్మేశాను. కట్టకు బుంగ పడింది. నావల్ల కాలేదు. దున్నల్ని పంపాలి. రాజుగారిని లేపు."

"ఆయన భోంచేసి కునుకు తీస్తున్నారు. నాలుగు నెలలుగా ఈ బండమీద ఒక్క పుల్ల లేదు. నా పేరు పాడుచేస్తావా?"

"నీ పేరు పోతే మళ్లీ తెచ్చుకుంటావు. నా గుడ్లు పోతే నేనెక్కడ తెచ్చుకోను?"

నక్క తోకతో పుల్లను కిందికి ఊడ్చేసి, దాని చోట తనే ఒక ఆకు పెట్టింది. గంటాలమ్మ ఇంకో పుల్ల తెచ్చింది. నక్క దాన్నీ ఊడ్చేసింది. మూడో పుల్ల తెచ్చిన గంటాలమ్మ ఈసారి తనే బండెక్కి, విరిగిన గోళ్లతోనే రాతిని కరిచిపట్టి, గొంతు చించుకుని అరిచింది.

"కాలేదు! పని కాలేదు! వినండర్రా, పని కాలేదు!"

నక్క తోడేళ్లను పిలిచింది. రెండు తోడేళ్లు తోక పట్టుకుని లాగాయి. ఉడుంపట్టన్న మాట ఊరికే పుట్టలేదు. తోడేళ్లకు దవడలు నొప్పి పుట్టాయి గాని గంటాలమ్మ జానెడు కూడా కదల్లేదు. గోలకు అడవంతా పోగైంది, దున్నలతో సహా. సింహం నిద్రకళ్లతో బయటికొచ్చింది.

"ఏమిటీ రభస? ఆకు కనబడుతూనే ఉందిగా!"

"ఆ ఆకు మంత్రిగారిది రాజా. నాది పుల్ల."

"పిరికిది ప్రభూ" అంది నక్క వినయంగా. "తన చేతగానితనానికి కట్టను ఆడిపోసుకుంటోంది. కట్ట ఇనుములా ఉంది."

"చేతకాలేదనే నేనూ చెబుతున్నాను. అందులో సిగ్గేముంది? నువ్వెప్పుడైనా వెళ్లి కట్ట చూశావా?"

"చూడడమెందుకు? ఆకు ఉందిగా."

గంటాలమ్మ సింహం వైపు తిరిగింది. "రాజా, ఇందులో నీ తప్పూ ఉంది. పనికి పంపుతావు. తిరిగొచ్చినవాళ్లు ఏం చెప్పారో చూడవు. చూడని జవాబు అడగడం దేనికి?"

సింహం జూలు నిక్కబొడుచుకుంది.

"నోరు అదుపులో పెట్టుకో."

"మింగెయ్, నీ ఇష్టం. నన్ను మింగినా బుంగ పూడదు."

పైన ఉరిమింది. గంటాలమ్మ గొంతు తగ్గించింది.

"పోనీ రాజా, ఒక్క పని చెయ్యి. మంత్రిగారు కట్ట ఇనుమంటున్నారు. నా పుట్ట సరిగ్గా దాని కిందే ఉంది. ఈ వాన వెలిసేదాకా ఆయన్ని వెళ్లి పుట్ట పక్కన కూర్చోమను. చాలు, ఇక నేను నోరెత్తను."

"న్యాయంగానే ఉంది" అంది సింహం. "వెళ్లు మంత్రీ."

"నాకు జలుబు ప్రభూ, తడిస్తే..."

"ఆకు ఉందిగా!" అంది వెనకనుంచి అడవిపంది.

నక్కకు వెళ్లక తప్పలేదు. అందరూ వెంట వెళ్లి వాగు గట్టుమీద నిలబడి చూస్తున్నారు. చినుకులు మొదలయ్యాయి. నక్క ముడుచుకుని కూర్చుని, ఏమీ కానట్టు మీసాలు దువ్వుకుంది. అంతలో బుంగలోంచి బుస్సున ఎర్రనీళ్లు చిమ్మి దాని వీపుమీద పడ్డాయి. నక్క కెవ్వుమని ఒక్క గెంతు గెంతి, గట్టెక్కి, బండ దగ్గరికొచ్చి పడింది.

"ఏమైంది?" అంది వెనకే వచ్చిన సింహం. "బండమీద పెట్టు."

నక్క ఆకువైపు చూసింది. ఆకు పెడితే మళ్లీ పుట్ట దగ్గరికే పంపుతారు. ఒక ఎండుపుల్ల ఏరి తెచ్చి పెట్టింది.

"ఎందుకు కాలేదో కూడా చెప్పాలి. అది ఆచారం" అంది గంటాలమ్మ.

"కట్టకు... బుంగ పడింది. నేను చూడకుండానే ఆకు పెట్టేశాను."

నక్క మాట పూర్తవుతూనే సింహం దున్నల్ని కట్ట దగ్గరికి పరిగెత్తించింది. గంటాలమ్మ ముందుండి రాయి ఎక్కడ దొర్లించాలో, మట్టి ఎక్కడ తొక్కాలో చూపించింది. పొద్దు వాలేసరికి బుంగ మూసుకుంది, కట్ట నిలిచింది. నీళ్లు పుట్ట మొదలు తడిపి ఆగిపోయాయి. గంటాలమ్మ లోపలికి దూరి ఒక్కొక్క గుడ్డూ ముట్టి చూసుకుంది. పదకొండూ ఉన్నాయి. అప్పుడు గాని దానికి ఏడుపు రాలేదు.

మర్నాడు బండమీద మూడు ఆకులు, ఐదు పుల్లలు ఉన్నాయి. సింహం ఒక్కో పుల్ల దగ్గరా ఆగి కథంతా విన్నది. అడవిపంది మాత్రం ఒక మంచి మోదుగాకు ఏరి తెచ్చి నక్క ముందు పెట్టి, "మంత్రిగారూ, ఊబి మీదుగా దారి బ్రహ్మాండంగా ఉంది, వెళ్లిరండి" అంది.

నక్క ఆకువైపు చూసింది, ఊబివైపు చూసింది. చుట్టుదారిన పోయింది.

నీతి: కాలేదని చెప్పినవాడు సగం పని చేసినట్టే, కాకుండానే అయిందన్నవాడు పదిమంది పని చెడగొట్టినట్టే.