ఏలికపాము తీసిన ఆరా

ఘాటు రోడ్డు మూడో మలుపులో ఒక టిఫిన్ హోటలుంది. దాని రేకుల మీద కాపురం కొండమ్మ అనే ఆడకోతిది. కొండమ్మ కడుపులో కాపురం గంగులు అనే ఏలికపాముది. వేట లేదు, వంట లేదు, పైనించి పూరీలూ బన్నులూ రోజుకు నాలుగుసార్లు వచ్చిపడతాయి. ఇంతకన్నా మంచి ఇల్లు ఏ పురుగుకు దొరుకుతుంది చెప్పండి.

దొరికింది గానీ, ఆ ఇల్లు నిలిచేటట్టు లేదు. తిన్నది తిన్నట్టే విరేచనాలైపోయి కొండమ్మ ఎముకల గూడయింది. కోతి పోతే గంగులూ పోతాడు. భయం ఒకటైతే, ఆరా తీసే గుణం అతనికి పుట్టుకతోనే ఉంది. పేగు గోడంతా తడిమి చూశాడు. ఒకప్పుడు ఆ గోడ నిండా సన్నని వేళ్లు దట్టంగా నిలబడి, వచ్చిన రసాన్నల్లా జుర్రుకునేవి. ఇప్పుడు గోడ అలికిన నేలలా చదునుగా ఉంది.

ఆ వేళ్ల మొదట్లో గుంటలుంటాయి. గుంట అడుగున తల్లికణం ఉంటుంది. గోడకు కావలసిన కొత్త కణాలను కని పైకి పంపేది ఆమే. అయితే తప్పూ ఆమెదేనని తేల్చేసుకున్నాడు గంగులు. గోడ బోసిపోతుంటే గుర్రుపెట్టి నిద్రపోతున్నావా తల్లీ అని దులిపేశాడు.

తల్లికణం కోప్పడలేదు, ఆమెకు ఆ తీరికా లేదు. ఒకసారి తొంగి చూడమంది.

చూస్తే గంగులుకు మతి పోయింది. గుంట ఇదివరకటికి రెండింతలు లోతయింది. లోపల ఇసుక వేస్తే రాలనంత మంది పిల్లలు. ఒకటి రెండవుతోంది, రెండు నాలుగవుతున్నాయి. మునుపు ఒక్కో పిల్లా మూడు నాలుగు రోజులు నింపాదిగా వేలెక్కుతూ, దారిలోనే రసం తాగే పని నేర్చుకునేదట. ఇప్పుడు పని రాకముందే పైకి తోసెయ్యాల్సి వస్తోందట.

"నేను కనడం ఆపలేదయ్యా," అంది తల్లికణం. "పైన వాళ్లు చంపే కొద్దీ నేనింకా కంటున్నాను. ఎన్నాళ్లు కనగలనో తెలీదు."

వాళ్లంటే గోడలో కాపలా ఉండే తెల్లకణాలు. బయటి శత్రువును తన్నాల్సిన వాళ్లు ఇంటి పిల్లలనే తంతున్నారు. కంచే చేను మేస్తోందన్నమాట. ఎందుకో తెలుసుకోందే గంగులుకు తిండి సయించలేదు. వారం రోజులు కదలకుండా కాపు కాశాడు. అరటిపండు వచ్చింది, కావలివాళ్లు ఆవులించారు. మొక్కజొన్న వచ్చింది, తలైనా తిప్పలేదు. పూరీ ముక్క వచ్చిందో లేదో, పూనకం వచ్చినట్టు లేచారు. గోధుమపిండిలో ఉండే జిగురు వాళ్ల కంటికి శత్రువులా కనబడుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దాని మీద కసితో గోడనంతా చితకబాదుతున్నారు.

గంగులు కొండమ్మ గొంతు దాకా పాకి ఆమెకు సంగతంతా చెప్పాడు. నీరసంగా ఉందని ఆమె అప్పటికే రోజూ ఇంకో రెండు పూరీలు ఎక్కువ లాగిస్తోంది.

"పూరీ లేని బతుకూ ఒక బతుకేనా?" అంది కొండమ్మ.

"ముందు బతికుంటే కదమ్మా, అది ఎలా ఉందో చూసుకునేది," అన్నాడు గంగులు.

ఏడ్చుకుంటూనే పూరీలూ బన్నులూ మానేసింది. మొక్కజొన్న పొత్తులు, జొన్న కంకులు, అడవి పళ్లతో సరిపెట్టుకుంది. నెలలు పట్టింది గానీ విరేచనాలు ఆగాయి. గోడ మీద పొట్టి వేళ్లు లేచాయి, ఆ తరవాత పొడుగయ్యాయి. గుంటల లోతు తగ్గింది. తల్లికణం మునుపటిలా నెమ్మదిగా కని, పిల్లలు పని నేర్చుకుంటుంటే చూస్తూ కూర్చుంది. కొండమ్మ లారీల మీదికి మళ్లీ దూకుతోంది. గంగులు తన తెలివికి తనే మురిసిపోయాడు.

కావలివాళ్లకు మాత్రం పొద్దు గడవడం లేదు. గోధుమ రాదు, తన్నడానికి ఎవరూ లేరు. ఒక మధ్యాహ్నం వాళ్ల పెద్ద తీరిగ్గా పేగంతా చుట్టి వస్తూ గంగులు ముందు ఆగాడు. తల నుంచి తోక దాకా చూశాడు. దానికి చాలాసేపే పట్టింది.

"నిన్నిక్కడ ఎప్పుడూ చూడలేదే. ఎవరయ్యా నువ్వు?"

ఈ గోడ కోసం తను పడ్డ పాట్లన్నీ గంగులు చెప్పుకోబోయాడు. కావలి పెద్ద సగమైనా వినకుండా తనవాళ్లను పిలిచాడు. సాయంత్రానికల్లా గంగులు ఘాటు రోడ్డు పక్క గడ్డిలో పడి ఉన్నాడు.

కావలివాడి కళ్లు తెరిపించే ముందు దొంగ తన దారి చూసుకోవాలి.